ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ మార్పిడి ఖర్చు: స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఒక లెక్క

ఎలక్ట్రిక్ కారును నడిపే ప్రధాన బ్యాటరీ పాడైనప్పుడో, సత్తువ తగ్గి అక్కరకు రాకుండా పోయినప్పుడో దాని స్థానంలో మరొకటి బిగించడానికి అయ్యే మొత్తాన్ని బ్యాటరీ మార్పిడి ఖర్చు అంటారు. ప్యాక్ వెల, దాని మీద పన్ను, రవాణా, విప్పి బిగించే కూలి అన్నీ ఇందులోకే వస్తాయి. కారును బట్టి, బ్యాటరీ పరిమాణాన్ని బట్టి ఇది కొత్త కారు ధరలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. పెట్రోలు కారు కొనేవాళ్లు ఇంజిన్ మారిస్తే ఎంతవుతుందని షోరూంలో అడగరు. ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లు మాత్రం మైలేజీ కంటే ముందు బ్యాటరీ సంగతే అడుగుతారు. ఆ భయంలో నిజముంది. అయితే అది పడవలసిన చోట పడడం లేదు. కొత్త కారు కొనేవాళ్లకు ఈ ఖర్చు ఎదురయ్యే అవకాశం తక్కువ. పాత కారు కొనేవాళ్లకే ఎక్కువ. మండల కేంద్రాల్లో తిరిగే కార్లలో పాతవి కొన్నవే ఎక్కువ కాబట్టి ఈ విషయాన్ని నగరం నుంచి కాక స్టేషన్ ఘన్‌పూర్ లాంటి ఊరి నుంచి చూడడం మేలు.

ఊరు, దూరాలు

స్టేషన్ ఘన్‌పూర్ పాత వరంగల్ జిల్లాలోది. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసినప్పటి నుంచి జనగామ జిల్లాలో ఉంది. సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం, హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా భూపాలపట్నం వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి రెండూ ఈ ఊరికి అందుబాటులో ఉన్నాయి. హనుమకొండ ముప్పై అయిదు కిలోమీటర్ల లోపు, హైదరాబాద్ నూట పది కిలోమీటర్ల చిల్లర. ఉద్యోగానికో, పిల్లల చదువుకో రోజూ హనుమకొండ వెళ్లి వచ్చే కుటుంబానికి డెబ్బై కిలోమీటర్ల తిరుగుడు ఉంటుంది. ఏడాదికి మూడు వందల రోజులనుకుంటే 21 వేల కిలోమీటర్లు. మన దేశంలో ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలకు మామూలుగా ఇచ్చే హామీ ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఘన్‌పూర్ వాసి ఈ రెండు గీతలనూ దాదాపు ఒకేసారి దాటుతారు: ఎనిమిదేళ్లకు లక్షా అరవై ఎనిమిది వేల కిలోమీటర్లు. నగరంలో రోజుకు పాతిక కిలోమీటర్లు తిరిగే కారు ఏళ్ల హామీ ముగిసేనాటికి కిలోమీటర్ల హామీని సగం కూడా వాడుకోదు. ఇక శంషాబాద్ విమానాశ్రయానికి కిరాయికి తిప్పే కారైతే ఒక్కసారి పోయి రావడానికే మూడు వందల కిలోమీటర్లు. రోజూ గిరాకీ దొరికితే రెండేళ్లు తిరక్కుండానే కిలోమీటర్ల హామీ అయిపోతుంది.

రహదారి పక్క ఊరు కావడం ఎలక్ట్రిక్ కారుకు ఒక విధంగా వరం. వరంగల్ వైపో హైదరాబాద్ వైపో పోతూ దారిలో చార్జింగ్ పెట్టుకోవచ్చు. మరమ్మతు దగ్గరికి వచ్చేసరికి ఆ వరం పనిచేయదు. పెట్రోలు బండిని ఊళ్లో మెకానిక్ షెడ్డులో ఎవరైనా చూస్తారు. మూడు వందల వోల్టులకు పైబడిన బ్యాటరీని శిక్షణ, రక్షణ చేతొడుగులు లేకుండా ముట్టుకోవడం ప్రాణాంతకం. కాబట్టి బండిని లారీ మీదికి ఎక్కించి కంపెనీ సర్వీసు కేంద్రానికి చేర్చవలసిందే.

ప్యాక్ లోపల

కారు అడుగున పరుపులా పరచిన లోహపు పెట్టెను బ్యాటరీ ప్యాక్ అంటారు. అందులో వందల కొద్దీ, కొన్ని కార్లలో వేల కొద్దీ సెల్లుంటాయి. కొన్ని సెల్లు కలిపి ఒక మాడ్యూలుగా, కొన్ని మాడ్యూళ్లు కలిపి ప్యాక్‌గా కడతారు. వీటితో పాటు ప్రతి సెల్లు వోల్టేజీనీ వేడినీ గమనిస్తుండే ఎలక్ట్రానిక్ మెదడు, చల్లబరిచే ద్రవపు గొట్టాలు, ఎక్కువ కరెంటును తెగ్గొట్టే కాంటాక్టర్లు, ఫ్యూజులు ఉంటాయి. పరిమాణాన్ని కిలోవాట్ అవర్లలో చెబుతారు. ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్ కూడా అదే. టాటా టియాగో ఈవీలో 19.2 లేదా 24 యూనిట్లు, ఎంజీ కామెట్‌లో 17.3, విండ్సర్‌లో మొదట 38, నెక్సాన్ ఈవీలో 2020లో 30.2, తర్వాత 40.5, 2024 నుంచి 45 యూనిట్లు పట్టే ప్యాక్‌లు వచ్చాయి. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ కార్లలో 59, 79 యూనిట్ల ప్యాక్‌లున్నాయి.

సెల్లు రసాయనం రెండు రకాలు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసినది ఒకటి. తక్కువ బరువులో ఎక్కువ శక్తిని పట్టుకుంటుంది, ధర ఎక్కువ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రెండోది. బరువెక్కువ, ధర తక్కువ, వేడికి త్వరగా మండిపోదు, ఎక్కువసార్లు చార్జింగ్‌కు తట్టుకుంటుంది. మన దేశంలో అమ్ముడయ్యే కార్లలో ఎక్కువ భాగం ఈ రెండో రకంవే. ఈ రసాయనం రెండు వేలకు పైగా పూర్తి చార్జింగులను ఓర్చుకోగలదు. అందులో సగమే లెక్కలోకి తీసుకున్నా, ఒక్కో చార్జింగుకు రెండు వందల కిలోమీటర్లు నడిచే కారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది.

బ్యాటరీ ఒక్కరోజులో చచ్చిపోవడం అరుదు. కొత్తలో రెండు వందల యాభై కిలోమీటర్లు నడిచిన కారు కొన్నేళ్లకు రెండు వందల ఇరవై నడుస్తుంది, తర్వాత రెండు వందలు. మిగిలిన సత్తువను శాతంలో చెబుతారు. ప్రపంచవ్యాప్తంగా చాలా కంపెనీలు దానికి 70 శాతం దగ్గర గీత గీశాయి. హామీ గడువులో అంతకంటే దిగువకు పోతే మరమ్మతు చేస్తారు, లేదా మారుస్తారు. అరవై అయిదు శాతం సత్తువ మిగిలిన కారుతో ఘన్‌పూర్ నుంచి హనుమకొండకు నిశ్చింతగా పోయి రావచ్చు. ఏకబిగిన హైదరాబాద్ పోయి రావడమే కష్టం. కాబట్టి మార్చాలా వద్దా అన్నది బ్యాటరీ ఎంత అరిగిందన్న దానితో పాటు రోజూ ఎంత దూరం తిరుగుతామన్న దాని మీదా ఆధారపడుతుంది.

ధర ఎక్కడ పుడుతుంది, ఎక్కడ పెరుగుతుంది

లిథియం బ్యాటరీ ధరలను ఏటా లెక్కగట్టే బ్లూంబర్గ్ ఎన్ఈఎఫ్ సంస్థ సర్వేల ప్రకారం, 2010 ప్రాంతంలో యూనిట్‌కు వెయ్యి డాలర్లు దాటి ఉన్న ప్యాక్ సగటు ధర 2024లో 115 డాలర్లకు, 2025లో 108 డాలర్లకు దిగింది. మధ్యలో 2022లో మాత్రం లిథియం ధర ఆకాశాన్నంటడంతో 151 డాలర్లకు ఎగబాకింది. ఆ ఏడాది నవంబరులో చైనాలో టన్ను లిథియం కార్బొనేట్ ఆరు లక్షల యువాన్ల దరిదాపుల్లో పలికి, మరుసటి ఏడాది చివరికి లక్ష యువాన్ల స్థాయికి కుప్పకూలింది. బ్యాటరీ మార్పిడికి ఇంతవుతుందని పాత అంకెలను పట్టుకుని భయపెట్టే మాటల్లో చాలా వరకు ఆ 2022 నాటివే.

2024 నాటి ధరనే తీసుకుని, డాలరును 85 రూపాయలనుకుంటే యూనిట్ ప్యాక్ 9,775 రూపాయలు. ముప్పై యూనిట్ల ప్యాక్ రెండు లక్షల తొంభై మూడు వేలు. నలభై అయిదు యూనిట్లది నాలుగు లక్షల నలభై వేలు. డెబ్బై తొమ్మిది యూనిట్లది ఏడు లక్షల డెబ్బై రెండు వేలు. ఇది కార్ల కంపెనీలు వేల లెక్కన కొనేటప్పుడు ఇచ్చే సగటు ధర. సర్వీసు కేంద్రం కౌంటరు దగ్గర ఒకే ఒక్క ప్యాక్ కొనేవాళ్లకు ఈ ధర దొరకదు. 2022లో నెక్సాన్ ఈవీ యజమాని ఒకరికి 68 వేల కిలోమీటర్ల తర్వాత కంపెనీ హామీ కింద ఉచితంగా బ్యాటరీ మార్చిన సంగతి వార్తల్లోకి ఎక్కింది. సొంతంగా కొనుక్కోవలసి వస్తే అది ఏడు లక్షలవుతుందని అప్పుడు వచ్చిన అంకె దేశమంతా తిరిగింది. అది ముప్పై యూనిట్ల ప్యాక్. ఆ ఏటి ప్రపంచ సగటు ధరతో కట్టినా మూడున్నర, నాలుగు లక్షలకు మించదు.

ఆ తేడా ఏమైపోయినట్టు? కొంత పన్ను. ఎలక్ట్రిక్ వాహనం మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. అదే కారులోని బ్యాటరీని విడిగా కొంటే 18 శాతం. ఒకే వస్తువు కారుతో కలిసి వస్తే ఒక పన్ను, ఒంటరిగా వస్తే మూడున్నర రెట్లకు పైగా మరో పన్ను. ఎలక్ట్రిక్ వాహనాలను ప్రోత్సహిస్తున్నామని చెప్పే ప్రభుత్వం, వాటిని పది పదిహేనేళ్లు వాడుకోవాలనుకునే వాళ్ల మీద వేస్తున్న జరిమానా ఇది. సరిదిద్దవలసిన వాటిలో మొదటిది కూడా. నలభై అయిదు యూనిట్ల ప్యాక్ మీద ఈ పన్ను ఒక్కటే 79 వేల రూపాయలు.

మిగతాది విడిభాగాల వ్యాపార నీతి. ఏ కారు భాగాలనైనా విడివిడిగా కొని కారు కడితే కొత్త కారు ధరకు రెండు మూడింతలవుతుందని మెకానిక్కులకు తెలుసు. గిడ్డంగిలో ఏళ్ల తరబడి నిల్వ ఉంచడం, ప్రమాదకర సరుకుగా ప్రత్యేక పెట్టెల్లో రవాణా చేయడం, డీలరు లాభం, హామీ ఖర్చు అన్నీ ఆ ప్యాక్ మీదే పడతాయి. పైగా పోటీ లేదు. టైరు కావాలంటే నాలుగు కంపెనీలవి దొరుకుతాయి. కారు బ్యాటరీకి మాత్రం ఆ కారు చేసిన కంపెనీ ఒక్కటే దిక్కు. ప్యాక్‌లోని ఎలక్ట్రానిక్ మెదడు, కారు కంప్యూటరు పరస్పరం గుర్తుపట్టేలా ముడివేసి ఉంటాయి కాబట్టి బయటి ప్యాక్ తెచ్చి పెట్టినా కారు కదలదు.

మరమ్మతా, మార్పిడా

మొత్తం ప్యాక్ మార్చవలసిన అవసరం చాలాసార్లు ఉండదు. వరుసలో ఒక సెల్లు బలహీనపడితే మిగతా సెల్లన్నీ దాని స్థాయికే ఆగిపోతాయి. డ్యాష్‌బోర్డు మీద ముప్పై శాతం చూపించి ఉన్నట్టుండి పదికి పడిపోయే కార్లలో జబ్బు ఎక్కువగా ఇదే. ఆ సెల్లున్న మాడ్యూలును మార్చి, మిగతావాటితో వోల్టేజీ సరిచేస్తే కారు మళ్లీ మామూలుగా నడుస్తుంది. ఖర్చు ప్యాక్ ధరలో ఒక భాగమే. కాంటాక్టరో, సెన్సరో, తీగల కట్టో పాడైతే ఇంకా తక్కువ. అయితే సర్వీసు కేంద్రాల్లో ప్యాక్ విప్పే సదుపాయం, విప్పాక మళ్లీ నీరు చొరబడకుండా మూసే నైపుణ్యం అంతటా లేవు. అందుకే మార్చేద్దాం అనే మాట తేలిగ్గా వస్తుంది. హామీ గడువులో ఆ మాట వినడానికి హాయిగా ఉంటుంది. గడువు దాటాక, ఏ భాగం పాడైందో కాగితం మీద రాసి ఇవ్వమని అడగడం కారు యజమాని హక్కు. ఆ ఒక్క కాగితం లక్షలు మిగల్చగలదు.

ప్యాక్ మధ్యలో మాడ్యూళ్లు లేకుండా సెల్లనే నేరుగా అతికించే కొత్త పద్ధతి వస్తోంది. తయారీ చవక, బరువు తక్కువ. మరమ్మతుకు మాత్రం అది శత్రువు.

బయట చవకగా చేస్తామనే వాళ్ల దగ్గరికి పోయే ముందు 2022ను గుర్తుచేసుకోవాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు చెలరేగి, పైనున్న హోటల్లో దిగిన ఎనిమిది మంది పొగకు బలయ్యారు. ఆ దుర్ఘటనల తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను బిగించి, 2022 డిసెంబరు నుంచీ 2023 మార్చి నుంచీ రెండు దశల్లో అమలు చేసింది. కారు ప్యాక్ స్కూటర్ ప్యాక్ కంటే పది రెట్లు పెద్దది.

ఎండ

ఎండ వేడి బ్యాటరీని ఏం చేస్తుందో ప్రపంచానికి పాఠం నేర్పింది నిస్సాన్ లీఫ్. 2010 డిసెంబరులో 24 యూనిట్ల బ్యాటరీతో వచ్చిన ఆ కారులో బ్యాటరీని చల్లబరిచే ద్రవ వ్యవస్థ లేదు. అమెరికాలోని అరిజోనా ఎడారి ఎండల్లో ఏడాది రెండేళ్లకే సత్తువ పడిపోవడంతో యజమానులు గగ్గోలు పెట్టారు. 2014లో కంపెనీ కొత్త ప్యాక్ ధరను 5,499 డాలర్లుగా ప్రకటించింది. పాతదాన్ని అప్పగిస్తేనే ఆ ధర. బ్యాటరీ మార్పిడికి ఒక కంపెనీ బహిరంగంగా వెల కట్టిన తొలి సందర్భాల్లో అది ఒకటి. మన దేశంలో 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా కారు ఇంకా పాత కథ. ఎనిమిది సీసపు బ్యాటరీలతో నడిచేది. మూడేళ్లకో నాలుగేళ్లకో వాటిని మార్చక తప్పేది కాదు. ఎలక్ట్రిక్ కారంటే బ్యాటరీ మారుస్తూ ఉండాలన్న అభిప్రాయం మనవాళ్లలో పాతుకుపోవడానికి ఆ సీసపు రోజులూ, ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ అనుభవమూ కారణం.

ఘన్‌పూర్ మే నెలలో నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు చూసే ప్రాంతం. ఇప్పటి కార్లలో ఎక్కువ వాటికి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంది. అయినా మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారుకు వెంటనే ఫాస్ట్ చార్జింగ్ పెట్టడం, వంద శాతం నింపి రోజుల తరబడి ఎండలో వదిలేయడం సెల్లును త్వరగా ముసలిదాన్ని చేస్తాయి. సాయంత్రం ఇంటికి వచ్చి, కారు చల్లబడ్డాక రాత్రి నెమ్మదిగా చార్జింగ్ పెట్టే అలవాటు ఉన్న ఊరివాళ్లు ఈ విషయంలో అపార్ట్‌మెంట్ల నగరవాసి కంటే అదృష్టవంతులు. సొంత ఇల్లు, వాకిట్లో వేపచెట్టు నీడ, గోడకు ఒక పదిహేను ఆంపియర్ల సాకెట్: బ్యాటరీ ఆయుష్షుకు ఇంతకంటే గొప్ప మందు లేదు. ఐరన్ ఫాస్ఫేట్ రకాన్ని అప్పుడప్పుడూ పూర్తిగా వంద శాతం నింపడం కూడా అవసరమే. లేకపోతే ఎంత చార్జి ఉందో కంప్యూటరు సరిగా అంచనా వేయలేదు.

విదేశాల్లో వేల కార్లను పరిశీలించిన లెక్కలు ధైర్యం చెప్పేవే. జియోట్యాబ్ సంస్థ 2024 నివేదికలో సత్తువ సగటున ఏడాదికి 1.8 శాతం తగ్గుతున్నట్టు తేల్చింది. అమెరికాలో రికరెంట్ సంస్థ 2023లో పదిహేను వేల కార్లను చూస్తే, కంపెనీలు లోపాలున్నాయని వెనక్కి పిలిచినవి పోగా బ్యాటరీ మార్చవలసి వచ్చినవి 1.5 శాతమే. అవి మన ఎండల్లో తిరిగిన కార్లు కావన్నది గుర్తుంచుకోవాలి. ఇక వెనక్కి పిలిచిన సందర్భాల్లో భారం కంపెనీలదే. 2021లో షెవర్లే బోల్ట్ కార్లన్నిటికీ బ్యాటరీలు మార్చే ఖర్చు రెండు వందల కోట్ల డాలర్ల దాకా వస్తే, అందులో 190 కోట్లను సెల్లు చేసిన ఎల్‌జీ భరించింది. హ్యుందాయ్ కోనాను మన దేశంలో కూడా 2020 డిసెంబరులో వెనక్కి పిలిచారు, 456 కార్లు.

హామీ, రెండో యజమాని

2024 చివరి నుంచి కంపెనీలు 'జీవితకాల హామీ' ఇస్తున్నాయి. ఎంజీ విండ్సర్ 2024 సెప్టెంబరులో, మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ నవంబరులో ఆ మాటతో మార్కెట్‌లోకి వచ్చాయి. 2025 జూన్‌లో హారియర్ ఈవీతో టాటా కూడా మొదలుపెట్టి, తర్వాతి నెలలో 45 యూనిట్ల నెక్సాన్‌కూ కర్వ్ ఈవీకీ విస్తరించింది. టాటా లెక్కలో జీవితకాలమంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి పదిహేనేళ్లు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వచ్చేది ఇంతవరకే. చిన్న అక్షరాల్లో ఉండేది: ఇది సొంత అవసరానికి కొన్న మొదటి యజమానికే. కారు చేతులు మారితే హామీ కుదించుకుపోతుంది. ఎక్కువ కార్లకు మళ్లీ ఆ ఎనిమిదేళ్లు, లక్షా అరవై వేల కిలోమీటర్ల గీతే. మహీంద్రా కొత్త కార్లకు పదేళ్లు, రెండు లక్షలు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నగరంలో కొన్నవాళ్లు అయిదారేళ్లు వాడి అమ్మేస్తారు. ఆ కారు జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి మండల కేంద్రానికి చేరుతుంది. ఇరవై అయిదు ముప్పై ఏళ్లుగా మారుతీ కార్లు ఇలాగే పల్లెలకు వచ్చాయి. ఎలక్ట్రిక్ కారు ఆ దారిలో వచ్చినప్పుడు మిగిలిన హామీ రెండు మూడేళ్లే ఉంటుంది, ఆ తర్వాత బ్యాటరీ కష్టం కొన్నవాళ్లదే. పాత ఎలక్ట్రిక్ కార్ల ధరలు వేగంగా పడిపోవడానికి ఒక కారణం ఇదే. ధర తగ్గింది కదా అని సంబరపడి కొనేవాళ్లు, ఆ తగ్గింపులో భవిష్యత్తు బ్యాటరీ ఖర్చు కలిసే ఉందని గ్రహించాలి. పాత కారు కొనేటప్పుడు అధీకృత సర్వీసు కేంద్రంలో బ్యాటరీ ఆరోగ్య నివేదిక తీయించడం, హామీ బదిలీ రాతపూర్వకంగా చేయించుకోవడం, ఆ కారు ఇంతకుముందు టాక్సీగా తిరిగిందేమో చూడడం, వరదలో మునిగిందేమో కనుక్కోవడం ఇంజిన్ శబ్దం వినడం కంటే ముఖ్యమైన పనులు. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు ఖమ్మంలోనూ, బుడమేరు విజయవాడలోనూ వేల బండ్లను ముంచాయి.

అద్దె బ్యాటరీ

బ్యాటరీ ఖర్చు భయాన్నే వ్యాపారంగా మార్చిన ఉపాయం బ్యాటరీని అద్దెకివ్వడం. విండ్సర్ వచ్చినప్పుడు తొలి రకం పూర్తి ధర 13.50 లక్షలు, బ్యాటరీ లేకుండా 9.99 లక్షలు, కిలోమీటరుకు మూడున్నర రూపాయల అద్దె. ధరలో తేడా మూడు లక్షల యాభై ఒక్క వేలు. దాన్ని మూడున్నరతో భాగిస్తే లక్ష కిలోమీటర్లు. అంటే లక్ష కిలోమీటర్ల లోపు తిరిగి అమ్మేసేవాళ్లకు అద్దె లాభం, అంతకు మించి తిరిగేవాళ్లకు నష్టం. ఏడాదికి 21 వేల కిలోమీటర్లు తిరిగే మన ఘన్‌పూర్ కుటుంబానికి అయిదో ఏడు దాటకముందే తక్కెడ తిరగబడుతుంది. పైగా నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉంటుంది; తిరిగినా తిరక్కపోయినా అద్దె తప్పదు.

బీమా

బ్యాటరీ ఖర్చుకు అసలు రక్షణ బీమాలో ఉంది, అది చాలామంది పాలసీల్లో లేదు. పాత మోటారు బీమా సూత్రాల ప్రకారం బ్యాటరీ, టైరు, ప్లాస్టిక్ భాగాల క్లెయిములో సగం కోత. నాలుగున్నర లక్షల ప్యాక్ ప్రమాదంలో దెబ్బతింటే రెండుంపావు లక్షలు జేబులోంచి పోతాయి. తరుగు లేని పాలసీ, దానికి తోడు బ్యాటరీ రక్షణ పేరిట వచ్చే అదనపు పాలసీ తీసుకుంటేనే నీళ్లు చొరబడడం, చార్జింగ్‌లో కరెంటు హెచ్చుతగ్గులు లాంటివి కవరవుతాయి. అరుగుదలకు మాత్రం ఏ బీమా ఇవ్వదు.

ఇంకో మెలిక ఉంది. మరమ్మతు ఖర్చు కారు బీమా విలువలో 75 శాతం దాటితే కారు పూర్తిగా నష్టపోయినట్టే లెక్క. పదిహేను లక్షల కారుకు నాలుగేళ్లు దాటాక బీమా విలువ సగానికి, ఏడున్నర లక్షలకు దిగుతుంది. దానిలో 75 శాతం అయిదు లక్షల అరవై రెండు వేలు. రోడ్డు మీది రాయి తగిలి అడుగున ప్యాక్ పెట్టె చితికి, సర్వీసు కేంద్రం ఆరు లక్షలు రాసిస్తే చాలు, మిగతా కారు మెరుస్తున్నా తుక్కే. స్పీడు బ్రేకర్లు మోకాలెత్తున కట్టే మన ఊళ్లలో ఈ మాట అతిశయోక్తి కాదు.

కార్లు కానివి

బస్సుల్లో బ్యాటరీ మార్పిడి సమస్యను ఒప్పందంతోనే పరిష్కరించారు. తెలంగాణ ఆర్టీసీ 2019లో హైదరాబాద్ విమానాశ్రయ మార్గంలో నలభై ఒలెక్ట్రా బస్సులను తిప్పడం మొదలుపెట్టినప్పుడు బస్సులు కొనలేదు. కిలోమీటరుకు ఇంతని చెల్లించింది. బ్యాటరీ మార్చవలసి వస్తే ఆ తలనొప్పి బస్సు యజమాని కంపెనీదే. స్కూటర్లకు కొన్ని కంపెనీలు ఎనిమిదేళ్లు, ఎనభై వేల కిలోమీటర్ల దాకా హామీ పెంచాయి. సీసపు బ్యాటరీలతో నడిచే ఈ-రిక్షాల సంగతి వేరు. వాటికి బ్యాటరీ మార్పిడి టైరు మార్పిడిలాంటి మామూలు ఖర్చు, పాతవాటికి తుక్కు ధరా వెంటనే చేతికొస్తుంది.

తయారీ, తుక్కు

బ్యాటరీల తయారీ తెలుగువాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్‌లో 1977లో మొదలైన హెచ్‌బీఎల్ రైళ్లకూ విమానాలకూ బ్యాటరీలు చేసింది. గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించిన అమరరాజా తిరుపతి కేంద్రంగా దేశంలో పెద్ద బ్యాటరీ కంపెనీల్లో ఒకటైంది. కానీ ఇవి ప్రధానంగా సీసం, నికెల్ యుగానివి. కారును నడిపే లిథియం సెల్లు ఇప్పటికీ ఎక్కువగా చైనా నుంచి వస్తాయి. ఫోన్లకూ పవర్ బ్యాంకులకూ పనికొచ్చే లిథియం సెల్లుల కర్మాగారం తిరుపతిలో 2022లో ప్రయోగాత్మకంగా ఉత్పత్తి మొదలుపెట్టింది. కార్ల స్థాయి సెల్లుల కోసం మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడితో గిగా కారిడార్‌కు 2023 మేలో శంకుస్థాపన జరిపింది. సెల్లు సామర్థ్య లక్ష్యం 16 గిగావాట్ అవర్లు. కేంద్రం సెల్లుల తయారీకి 2021లోనే 18,100 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించింది. ఇక్కడ సెల్లు తయారైనంత మాత్రాన ఘన్‌పూర్ యజమానికి ప్యాక్ చవకవదు. విడిగా అమ్మే ప్యాక్‌ల మీద పోటీ వస్తేనే అవుతుంది.

తీసేసిన ప్యాక్‌కు విలువ లేకపోలేదు. అరవై డెబ్బై శాతం సత్తువ మిగిలిన సెల్లు సోలార్ కరెంటు నిల్వకు ఇంకా ఏళ్ల తరబడి పనికొస్తాయి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు పాత బ్యాటరీలను తీసుకుని పునర్వినియోగానికి పంపే బాధ్యతను తయారీదారు మీదే పెట్టాయి. 2027–28 నుంచి కొత్త ఈవీ బ్యాటరీల్లో కనీసం 5 శాతం పాత బ్యాటరీల నుంచి తీసిన పదార్థం ఉండాలి, అది 2030–31కి 20 శాతానికి పెరగాలి. కోబాల్ట్, నికెల్ లేని ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్‌లో తుక్కు విలువ తక్కువ. కాబట్టి పాతది ఇచ్చి కొత్తదాని ధర బాగా తగ్గించుకోవచ్చన్న ఆశ మన కార్లకు అంతగా వర్తించదు.

చివరి లెక్క

లీటరు పెట్రోలు 107 రూపాయలు, లీటరుకు పదిహేను కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు ఏడు రూపాయల పైమాటే. ఇంట్లో కరెంటు పై శ్లాబులో యూనిట్ తొమ్మిది రూపాయలు పడినా, చార్జింగ్ నష్టం కలుపుకుని కిలోమీటరుకు రూపాయిన్నర లోపు. మిగులు అయిదున్నర రూపాయలు. నలభై అయిదు యూనిట్ల ప్యాక్ పన్నుతో కలిపి అయిదు లక్షల ఇరవై వేలకు దొరికిందనుకుంటే, ఆ డబ్బు దాదాపు లక్ష కిలోమీటర్ల మిగులుతో సమానం. లక్ష కిలోమీటర్లకే బ్యాటరీ మార్చవలసి వస్తే ఎలక్ట్రిక్ కారుకు లాభం లేదు, రెండు లక్షలు నడిస్తే ఖర్చు పోనూ అయిదు లక్షల ఎనభై వేలు మిగులు. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 చివరి వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మాఫీ. ఆ మిగులు దీనికి అదనం, కానీ అది కొత్త కారు కొన్నవాళ్లదే.

కొత్త ఎలక్ట్రిక్ కారు కొని, రోజూ హనుమకొండ తిరిగి, ఎనిమిదేళ్లు దాటాక కూడా తామే ఉంచుకునే కుటుంబానికి బ్యాటరీ ఖర్చు గురించి నిద్ర పాడుచేసుకోవలసిన పని లేదు. ఆరేళ్ల పాత కారును చవకగా వస్తోందని కొనబోయేవాళ్లు మాత్రం బేరం ఆడే ముందు ఆ కారు కంపెనీ సర్వీసు కేంద్రంలో కొత్త ప్యాక్ ధరను, ఒక్క మాడ్యూలు ధరను రెండింటినీ రాయించుకోవాలి. ఆ రెండు అంకెలు ఇవ్వలేని కంపెనీ కారును పాతది కొనకపోవడమే మంచిది.